సంతకం నుంచి ఓటీపీ దాకా: బ్యాంకు ఖాతాదారు రక్షణ చరిత్ర

1. లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:
• బ్యాంకులో సొమ్ము పోయినప్పుడు నష్టం ఎవరు భరించాలన్న నియమం కాలక్రమంలో ఎలా మారిందో వివరించగలుగుతారు.
• 2017 నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులర్ ప్రాధాన్యాన్ని గుర్తించగలుగుతారు.
• ఆ రక్షణ ఎక్కడితో ఆగిపోతుందో తెలుసుకోగలుగుతారు.

2. పరిచయం

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో జీతం తీసుకోవాలంటే తిరుపతిలోని బ్యాంకుకు వెళ్ళి, ఇత్తడి టోకెన్ పట్టుకుని కూర్చోవలసి వచ్చేది. ఒకసారి గుమాస్తా నా చెక్కును వెనక్కి ఇచ్చేశాడు. సంతకం నమూనా కార్డులో ఉన్నట్టు లేదన్నాడు. మళ్ళీ సంతకం చేయించి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసి గాని డబ్బు ఇవ్వలేదు. ఆ రోజు నాకు చాలా కోపం వచ్చింది. అతడు ఆ సమయంలో కాపాడుతున్నది నా సొమ్మునే అని చాలా ఏళ్ళ తరువాత అర్థమైంది.

ఇప్పుడు ఆ గుమాస్తా లేడు. అతని స్థానంలో నాలుగంకెల పిన్, ఆరంకెల ఓటీపీ ఉన్నాయి. ఈ మార్పులో ఖాతాదారు ఏమి పొందాడు, ఏమి కోల్పోయాడు అన్నదే ఈ పాఠం.

3. బ్యాంకే మునిగిన కాలం

ఖాతాదారుకు మొదట ఎదురైన ప్రమాదం బయటి దొంగ కాదు, బ్యాంకే. 1906 అక్టోబరు 22న మద్రాసులో ఆర్బత్‌నాట్ కంపెనీ దివాలా తీసింది. అప్పటికి మన చిత్తూరు జిల్లా ఏర్పడలేదు. చిత్తూరు పట్టణం ఉత్తర ఆర్కాటు జిల్లాకు కేంద్రం. కొత్త జిల్లా 1911 ఏప్రిల్ 1న వచ్చింది. మన ప్రాంతానికి మద్రాసే పెద్ద వ్యాపార కేంద్రం. వేలాది డిపాజిటర్లు తమ పొదుపు కోల్పోయారు. కంపెనీ అధిపతి జార్జి ఆర్బత్‌నాట్‌కు జైలు శిక్ష పడింది గాని, డిపాజిటర్లకు పూర్తి సొమ్ము తిరిగి రాలేదు. ఈ దెబ్బ తరువాతనే వి. కృష్ణస్వామి అయ్యర్ వంటివారి చొరవతో 1907లో ఇండియన్ బ్యాంకు పుట్టింది.

అయినా డిపాజిటుకు చట్టపరమైన హామీ రావడానికి మరో అర్ధ శతాబ్దం పట్టింది. 1960లో కేరళలోని పాలై సెంట్రల్ బ్యాంకు మూతపడింది. 1961లో డిపాజిట్ బీమా చట్టం చేశారు. 1962 జనవరి 1 నుంచి ఒక్కో డిపాజిటరుకు రూ. 1,500 వరకు బీమా అమలులోకి వచ్చింది. ఆ పరిమితి 1993లో రూ. 1 లక్షకు, 2020 ఫిబ్రవరిలో రూ. 5 లక్షలకు చేరింది. ఇక్కడ ఒక విషయం గమనించండి: ప్రతి రక్షణకూ ముందు ఒక నష్టం ఉంది.

4. దొంగ సంతకం ఎవరి నష్టం?

బ్యాంకు నిలబడినా ఖాతాలోని సొమ్ము మోసం వల్ల పోవచ్చు. చెక్కుల కాలంలో దీనికి చట్టం స్పష్టమైన జవాబు ఇచ్చింది. చెక్కు అంటే ఖాతాదారు బ్యాంకుకు ఇచ్చే ఆదేశం. సంతకం దొంగదైతే అసలు ఆదేశమే లేదు. కాబట్టి బ్యాంకు చెల్లించినది తన సొమ్మే గాని ఖాతాదారు సొమ్ము కాదు.

1987లో కెనరా బ్యాంకు, కెనరా సేల్స్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్నే గట్టిగా నిలబెట్టింది. కంపెనీలో లెక్కలు చూసే ఉద్యోగే దొంగ సంతకాలతో చెక్కులు మార్చుకున్నాడు. బ్యాంకు పంపిన లెక్కల పత్రాలను కంపెనీ సరిగా చూసుకోలేదు కాబట్టి నష్టం కంపెనీదే అని బ్యాంకు వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. ఖాతాదారు అంతటి జాగ్రత్త చూపలేదన్న కారణంతో బ్యాంకు తన బాధ్యత నుంచి తప్పించుకోలేదని తేల్చింది.

5. పిన్ తెచ్చిన చిక్కు

అదే 1987లో ముంబయిలో దేశంలోని మొదటి ఏటీఎం వచ్చింది. సంతకం స్థానంలో పిన్ వచ్చింది. ఇది పైకి చిన్న మార్పే, కాని ఖాతాదారు పరిస్థితిని తలకిందులు చేసింది. దొంగ సంతకానికీ అసలు సంతకానికీ తేడా కంటికి కనబడుతుంది. దొంగ నొక్కిన పిన్‌కూ యజమాని నొక్కిన పిన్‌కూ ఏ తేడా ఉండదు. సొమ్ము పోయిందని ఖాతాదారు మొర పెట్టుకుంటే, "పిన్ సరిగానే ఉంది, మీరే ఎవరికో చెప్పి ఉంటారు" అనడం బ్యాంకుకు తేలికైంది. నిరూపించే భారం చడీచప్పుడు లేకుండా ఖాతాదారు మీదకు జారింది.

దీనికి మొదట సాంకేతిక పరిష్కారాలు వచ్చాయి. 2009 ఆగస్టు 1 నుంచి ఇంటర్నెట్‌లో కార్డు వాడకానికి అదనపు ధ్రువీకరణను రిజర్వు బ్యాంకు తప్పనిసరి చేసింది. ఓటీపీ మన జీవితంలోకి వచ్చింది ఈ దారినే. తరువాత తేలికగా నకలు తీయగల అయస్కాంత పట్టీ కార్డుల స్థానంలో చిప్ కార్డులు వచ్చాయి.

6. 2017 సర్క్యులర్

చట్టపరమైన జవాబు 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు సర్క్యులర్ రూపంలో వచ్చింది. దాని ముఖ్యాంశాలు ఇవి:
• బ్యాంకు లోపం వల్ల సొమ్ము పోతే, ఖాతాదారు ఫిర్యాదు చేసినా చేయకపోయినా, అతనిపై ఏ భారమూ ఉండదు.
• లోపం బ్యాంకుదీ ఖాతాదారుదీ కాక వ్యవస్థలో మరెక్కడో ఉంటే, 3 పనిదినాలలోపు తెలియజేసినవారిపై భారం ఉండదు.
• 4 నుంచి 7 పనిదినాలలో తెలియజేస్తే భారానికి పరిమితి ఉంటుంది. మామూలు పొదుపు ఖాతాకు అది రూ. 10,000.
• ఖాతాదారే పిన్, ఓటీపీ వంటివి చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలియజేసేవరకు జరిగిన నష్టం అతనిది. తెలియజేసిన తరువాత జరిగేది బ్యాంకుది.
• తప్పు ఖాతాదారుదని నిరూపించే భారం బ్యాంకుదే.

చివరి అంశాన్ని జాగ్రత్తగా చదవండి. పిన్ రాకతో ఖాతాదారు మీదకు జారిన భారాన్ని ఇది తిరిగి బ్యాంకు మీద పెట్టింది. అయితే చెక్కు కాలంలో లేని గడియారం ఒకటి కొత్తగా చేరింది. హక్కు ఉంది, కాని అది రోజులు లెక్కపెడుతుంది.

7. వేలిముద్ర కథ

రాయలసీమ పల్లెల్లో చదువురానివారికి వేలిముద్రే సంతకం. అది ఎవరూ దొంగిలించలేనిదని నమ్మాం. ఆధార్ ఆధారిత చెల్లింపులు వచ్చాక ఊళ్ళోనే వేలు పెట్టి పింఛను, కూలి డబ్బు తీసుకునే సదుపాయం కలిగింది. కాని రిజిస్ట్రేషన్ దస్తావేజుల నకళ్ళ మీది వేలిముద్రలకు అచ్చులు తీసి, ఇతరుల ఖాతాలు ఖాళీ చేసిన ముఠాలను తెలుగు రాష్ట్రాల పోలీసులు పట్టుకున్నారు. పిన్ పోతే మార్చుకోవచ్చు, వేలు మార్చుకోలేం. అందుకే వాడనప్పుడు ఆధార్ బయోమెట్రిక్‌ను లాక్ చేసుకునే వీలు కల్పించారు. మీ ఇంట్లో పెద్దవాళ్ళకు ఈ పని చేసిపెట్టడం మీ వంతు.

8. రక్షణ ఆగిపోయే చోటు

తిరుమలలో గదులు, దర్శనం టికెట్లు ఇస్తామంటూ దేవస్థానం పేరుతో నకిలీ వెబ్‌సైట్లు నడిపినవారిపై కేసులు నమోదయ్యాయి. ఎక్కడో దూరాన ఉన్న భక్తుడు గది కోసం వెతికి, కనబడిన పేజీని నమ్మి డబ్బు పంపుతాడు. కొండకు చేరాక గాని మోసం తెలియదు. ఇక్కడ పిన్ నొక్కింది భక్తుడే, సొమ్ము పంపిందీ అతడే. 2017 సర్క్యులర్ రక్షించేది ఖాతాదారు అనుమతి లేని లావాదేవీలను. మోసపోయి తానే ఇచ్చిన అనుమతికి అది కవచం కాదు. పోలీసులమంటూ వీడియో కాల్‌లో బెదిరించి డబ్బు గుంజే "డిజిటల్ అరెస్టు" కూడా ఈ కోవలోదే. మన చట్టంలో అలాంటి అరెస్టు లేదు.

ఇలాంటి చోట మిగిలిన ఆశ వేగమే. 1930 నంబరుకు వెంటనే ఫోన్ చేస్తే, సొమ్ము దొంగ ఖాతా నుంచి మరో ఖాతాకు దాటకముందే దాన్ని ఆపే అవకాశం ఉంటుంది. సిగ్గుపడి ఇంట్లో చెప్పకుండా గడిపిన ప్రతి గంటా దొంగకు లాభం. బ్యాంకు 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు తృప్తినివ్వకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. దీనికి రుసుము లేదు.

9. సారాంశం

1906లో ప్రశ్న "బ్యాంకు నిలుస్తుందా?" అన్నది. చెక్కుల కాలంలో "సంతకం నాదేనా?" అయింది. పిన్ కాలంలో "తప్పు ఎవరిది?" అయింది. ఈ మూడింటికీ ఆలస్యంగానైనా చట్టం జవాబు చెప్పింది. "మోసపోయి నేనే ఇచ్చాను, ఇప్పుడెలా?" అన్న నాలుగో ప్రశ్నకు పూర్తి జవాబు ఇంకా రాలేదు. అది వచ్చేదాకా నా చెక్కు వెనక్కి ఇచ్చిన ఆ గుమాస్తా పని మనమే చేసుకోవాలి: డబ్బు ఇచ్చేముందు ఒక్క క్షణం ఆగి, రెండోసారి చూడాలి.

10. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. దొంగ సంతకం చెక్కు విషయంలో నష్టం బ్యాంకుదే కావడానికి కారణమేమిటి?
2. పిన్ రాకతో నిరూపణ భారం ఎలా మారింది? 2017లో ఏమి జరిగింది?
3. మీ కుటుంబంలో ఒకరి ఖాతా నుంచి తెలియకుండా రూ. 20,000 పోయిందనుకోండి. మొదటి రోజు, నాలుగో పనిదినం, పదో పనిదినం ఫిర్యాదు చేస్తే వచ్చే తేడాలను చర్చించండి.