కొర్రమట్ట: పట్టికకెక్కని చేప

వన్యమృగములలోను మత్స్యములలోను ఏ జాతి ముఖ్యమో నిర్ణయించుట ప్రకృతిశాస్త్రపరిశీలనాఫలమనియు, ఒకప్పుడు విచ్చలవిడిగా వేటాడినవారే క్రమముగా వివేకము తెచ్చుకొని రక్షణపట్టికలు కూర్చిరనియు మన గ్రంథకర్తలు వ్రాయుచుందురు. కథనము వినుటకు ఇంపుగానే యున్నది. కాని చట్టములను ఒకచేత, మన చెరువుల స్థితిని వేరొకచేత పట్టుకొని చూచినచో అది నిలుచునట్లు నాకు తోచదు.

తొలిదశను గూర్చి విస్తరింప నక్కరలేదు. 1879లో ఏనుగులకు, 1887లో అడవిపక్షులకు శాసనములు పుట్టెను. 1912 నాటి చట్టము జింకలు, నెమళ్లు, కౌజులు మొదలగు వానికి వేటనిషేధకాలమును విధింప వీలు కల్పించెను. ఆ పట్టికలో పాలపిట్టయు లకుముకిపిట్టయు చేరుట దసరానాటి దర్శనపుణ్యముచే గాదు. సీమ దొరసానుల టోపీలకై సాగిన ఈకల వ్యాపారమే అందులకు ప్రధానకారణము. పెక్కు పేర్లు దొరలు తుపాకితో కొట్టదగిన వేటజంతువులవే.

మత్స్యముల మాటయో, వేరు. గోదావరి మొదలగు నదుల ఆనకట్టలు ఎదురీదివచ్చు చేపలకు అడ్డగుచున్నవన్న సంగతి ధవళేశ్వరము కట్టిన కాటన్ దొరయే ఎత్తగా, మత్స్యశాస్త్రజ్ఞుడగు ఫ్రాన్సిస్ డే దేశమంతట విచారించి 1873లో నివేదిక సమర్పించెను. ఏ జాతి ఎప్పుడు గ్రుడ్లు పెట్టునో అప్పటికే కొంత తెలిసియుండెను. అయినను 1897 నాటి మత్స్యచట్టము ఒక్క చేపనైనను పేర్కొనలేదు. మందుగుండు పేల్చరాదు, నీట విషము కలుపరాదు, వలల పరిమాణమును ప్రభుత్వము నిర్ణయింపవచ్చును – ఇట్టి విధులే అందుండెను. పట్టు విధమునే గాని పట్టుబడు జాతిని అది చూడలేదు. తెలంగాణలోని మా మేడిపల్లి, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములు నిజాము ఏలుబడిలోనివగుటచే ఈ చట్టములు ఇచట నేరుగా వర్తింపలేదన్నది నిజమే. 1357 ఫసలీలో, అనగా 1947-48 ప్రాంతమున, హైదరాబాదు సంస్థానమునకు ప్రత్యేక మత్స్యచట్టము వచ్చెను.

అట్లయిన మన చెరువులలో ముఖ్యజాతిని ఎవరు నిర్ణయించిరి? శాసనకర్తలు కారు, హేచరీలని నా యభిప్రాయము. బొచ్చె, రవు, మ్రిగాల పారునీట గాని గ్రుడ్లు పెట్టవు. నిలువనీటి చెరువున అవి పెరుగును గాని సంతానము కనవు. అందుచే పూర్వము నదులలో పిల్లలను ఏరి తెచ్చి వదలవలసియుండెడిది. 1957 జూలై 10న ఒరిస్సాలో మత్స్యశాస్త్రజ్ఞుడు హీరాలాల్ చౌధురి పీయూషగ్రంథి రసమును సూదితో ఎక్కించి ఈ జాతిచేపలచే గ్రుడ్లు పెట్టించుటతో, లక్షలకొలది పిల్లలను తొట్లలో సృష్టించుట సాధ్యమయ్యెను. లెక్కపెట్టి, సంచులలో ప్రాణవాయువు నింపి, లారీలకెక్కించి, చెరువున వదలి, రసీదు పుచ్చుకొనదగిన చేప దొరకెను. కార్యాలయమునకు ఇంతకంటె ప్రియమైన జాతి యేది? ఈ చేపలు త్వరగా పెరుగుననుట, బెస్తలకును ముదిరాజులకును వీనివలన ఏటేట రాబడి కలిగెననుట నేను కాదనను. కాని అవి ముఖ్యములగుటకు మొదటి కారణము జీవశాస్త్రము గాదు, సరఫరా.

కొర్రమట్ట ఇందుకు సరిగా వ్యతిరేకి. అది గాలి పీల్చి బురదలోనైనను బ్రతుకును. నాచు నడుమ గూడు చేసికొని, ఎవరి సూదియు లేకయే తానే కనును. తొలకరి తరువాత గట్టున నిలిచి చూచినచో, ఎఱ్ఱని పిల్లల గుంపు ఒక్కసారిగా పైకి లేచి, నీటిని చిమ్మి, మరల మునుగుట కనబడును. వాని క్రిందనే పెద్దచేపలు కాపుండును. ఆ గుంపు నడుమ కప్పను గ్రుచ్చిన గాలము వేసినచో, పిల్లలకై కోపించి తల్లియే వచ్చి కరచును. ఇంత సులభముగా పట్టుబడు కాలము దానికి వేరొకటి లేదు. మృగశిరకార్తె నాడు చేప తినవలెననియు, ఉబ్బసమునకు హైదరాబాదున చేపమందు మ్రింగవలెననియు జనము ఎగబడునదియు ఇంచుమించు ఆ దినములనే. ఆ మందు పెట్టుటయు కొర్రమట్ట పిల్లలోనే.

కొర్రమట్ట బొచ్చెపిల్లలను మ్రింగునది గనుక, పెంపకపుస్తకములలో దీనిని శత్రువర్గమున చేర్చి, పిల్లలు వదలుటకు మునుపు నారుమడుగులలో ఇప్పపిండి వేసి నిర్మూలింపుమని బోధింతురు. ఆ విధి నారుమడుగులకే గాని ఊరిచెరువులకు గాదని ఒప్పుకొందును. కాని దృష్టి మాత్రము రెంటికి ఒకటే.

తరువాతి శాసనములును ఈ దృష్టిని మార్పలేదు. 1972 నాటి వన్యప్రాణి చట్టము పులిని, నెమలిని పై అనుబంధముల కెక్కించెను. చేపలలో తిమింగలసొర 2001లో గాని అందు చేరలేదు. 1976లో వన్యమృగములు ఉమ్మడిజాబితాకు వచ్చినను, మత్స్యపరిశ్రమ రాష్ట్రజాబితాలోనే నిలిచెను. ఇట్లు ఒకే నీటిలోని నీటికుక్క అడవిశాఖకు, చేప మత్స్యశాఖకు చెందుచున్నవి.

2016లో తెలంగాణ ప్రభుత్వము కొర్రమట్టను రాష్ట్రమత్స్యముగా ప్రకటించినది. అదే కాలమున చెరువులకు ఉచితముగా చేపపిల్లలను పంచు పథకమును ఆరంభించినది; పంచినవి ముఖ్యముగా బొచ్చె, రవు, మ్రిగాలలే. బిరుదు ఒకదానికి, బడ్జెటు మరొకదానికి! పథకము వలన సంఘములకు మేలు కలుగలేదనను. వదలిన పిల్లల సంఖ్యయే ఘనకార్యముగా చాటబడుట మాత్రము నాకు రుచింపదు. రాష్ట్రచిహ్నమను ప్రకటన వలన వల కన్ను పెరుగదు, గాలము ఆగదు. పాలపిట్ట చట్టపు అనుబంధమున గలదు గనుక దానిని చంపినవాడు నేరస్థుడగును, కొర్రమట్టకు ఆ రక్షణ లేదు. తూర్పు సముద్రమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు యాంత్రిక పడవల వేట మానిపింపగలిగిన ప్రభుత్వములకు, జగిత్యాల సిరిసిల్ల చెరువులలో పిల్లలతో నున్న చేపను కొన్ని వారములు విడువుడని చెప్పుట అసాధ్యము కాదు. అది చెప్పవలసినది బెస్త, ముదిరాజు సంఘములను పిలిచి కూర్చుండబెట్టికొని. ఏ గుంపు ఏ నాచులో లేచునో, ఏ వారమున తల్లి పిల్లలను విడుచునో వారికి తెలిసినంత ఏ కార్యాలయమునకును తెలియదు.