తారాజువ్వ, తాళంచెవి

కొన్నేళ్ళ క్రితం మా అబ్బాయి పుట్టినరోజుకు మిత్రులొకరు రాకెట్ కిట్టు బహూకరించారు. ఒక అట్టగొట్టం, పలుచని బాల్సా చెక్కలో కోసిన మూడు రెక్కలు, ప్లాస్టిక్ ముక్కు, రబ్బరు తాడు, చిన్న పారాచూట్: పెట్టెలోని సరంజామా అంతే. ఇక్కడ అమెరికాలో పిల్లలకిది పాత ఆటే గానీ మాకు కొత్త. అప్పుడు మా నాన్నగారు కూడా మా దగ్గరే ఉన్నారు. ఆయన ఇల్లందు బొగ్గుబావుల్లో చిరకాలం షాట్‌ఫైరర్‌గా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు. బొగ్గుగోడకు తొలిచిన రంధ్రాల్లో మందు కూరి పేల్చే బాధ్యత షాట్‌ఫైరర్‌ది.

రాకెట్టును ఎగరేసే ఇంజను వేరే పొట్లంలో ఉంది. వేలెడంత అట్టగొట్టంలో గట్టిగా దట్టించిన నల్లమందు. నాన్న దాన్ని వాసన చూసి, "ఇది మన జువ్వమందే కదరా!" అన్నారు. నిజమే. సూరేకారం, గంధకం, బొగ్గు. శతాబ్దాలుగా అవే మూడు దినుసులు.

బొగ్గు అనగానే మా ఊరు గుర్తుకు రాక మానదు. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లందు దగ్గర బొగ్గును కనుగొన్నాడు. 1886లో తవ్వకం హక్కులు హైదరాబాద్ దక్కన్ కంపెనీకి దక్కాయి. 1889లో తవ్వకం మొదలైంది. సింగరేణి చరిత్రకు శ్రీకారం చుట్టింది మా ఊరే. అయితే అంత బొగ్గున్నా జువ్వలకు ఆ నేలబొగ్గు పనికిరాదు, కట్టెబొగ్గే కావాలి. దీపావళి ముందు జిల్లేడు కట్టెలు కాల్చి బొగ్గు చేసుకునేవాళ్ళం. ఒక ఏడు మా వీధిలోని నా ఈడు పిల్లవాడు రోట్లో మందు నూరుతుండగా అది అంటుకుంది. వాడి కుడిచేతికి రెండు వేళ్ళు లేకుండా పోయాయి. ఆ తరువాత మా ఇంట్లో జువ్వ మాటెత్తడానికి వీల్లేకపోయింది.

రాకెట్టు మన దేశానికి కొత్తది కాదు. హైదర్ అలీ, టిప్పు సుల్తాన్‌ల మైసూరు సైన్యం ఇనుపగొట్టాల్లో నల్లమందు దట్టించి, పొడవాటి వెదురుకు కట్టి శత్రువుల మీదికి వదిలేది. అట్టగొట్టం కన్నా ఇనుము ఎక్కువ ఒత్తిడిని తట్టుకుంటుంది కనుక అవి దూరం పోయేవి. 1792, 1799 శ్రీరంగపట్న యుద్ధాల్లో ఇంగ్లీషువారు వాటి దెబ్బ చవిచూశారు. ఆ రెండుసార్లూ నిజాం సైన్యం ఇంగ్లీషువారి పక్షాన నిలిచింది. మా ఇల్లందు ప్రాంతం ఆ నిజాం ఏలుబడిలోదే! తరువాత విలియం కాంగ్రీవ్ ఆ నమూనాలు చూసి తన రాకెట్లు తయారుచేశాడు. 1807లో కోపెన్‌హాగెన్ నగరం వాటి మంటల్లో కాలింది.

జువ్వకు వెదురు ఎందుకో, కిట్టుకు రెక్కలు ఎందుకో, రెండింటికీ కారణం ఒకటే: ముక్కు ముందుకే ఉండేలా చూడటం. కట్టిన రాకెట్టులో ఇంజను పెట్టి, అది సమతూకంగా నిలిచే చోట దారం కట్టి గిరగిరా తిప్పాం. ముక్కు ముందుకు ఉంచి తిరిగింది. నాన్న తల ఊపారు.

ఈ కిట్టు పుట్టుక వెనక కూడా తెగిన వేళ్ళున్నాయి. 1957 అక్టోబరు 4న స్పుత్నిక్ ఎగిరాక అమెరికా పిల్లలు గొట్టాల్లో ఏవేవో మందులు కూరి, ఇళ్ళల్లోనే రాకెట్లు చేయబోయి గాయపడ్డారు. అంతకుముందే, 1954లో, నెబ్రాస్కాలో చెప్పుల దుకాణం నడిపే ఆర్విల్ కార్లైల్ అట్టగొట్టంతో, తయారుగా వచ్చే ఇంజనుతో ఎగిరే చిన్న రాకెట్టు చేశాడు. హ్యారీ స్టైన్ అనే రాకెట్ ఇంజనీరు దాన్ని చూసి, పిల్లలకు దారి ఇదేనన్నాడు. ఇంజన్లను వర్న్ ఎస్టెస్ యంత్రంతో తయారుచేశాడు. పిల్లవాడి చెయ్యి మందును తాకనక్కరలేదు. రాకెట్టు తోసుకుపోవడానికి కొంత మందు, పొగ వదులుతూ నెమ్మదిగా కాలడానికి కొంత, చివర ముక్కును ఊడదీసి పారాచూట్‌ను బయటికి నెట్టడానికి కొంత, అన్నీ ఆ గొట్టంలోనే వరసగా ఉంటాయి. ముట్టించడానికి అగ్గిపుల్ల లేదు. పదిహేను అడుగుల దూరంలో బ్యాటరీ పెట్టె, దానికొక తాళంచెవి.

ఆ తాళంచెవిని చూసి నాన్న ముఖం వెలిగింది. బావిలో ఎక్స్‌ప్లోడర్ తాళంచెవి షాట్‌ఫైరర్ జేబులో తప్ప ఇంకెక్కడా ఉండకూడదట. తీగలు కలిపి, మనుషులందరూ దూరం వెళ్ళారని చూసుకున్నాకే దాన్ని బయటికి తియ్యాలి.

ఆదివారం మైదానానికి వెళ్ళాం. అంకెలు లెక్కపెట్టి మీట నొక్కితే ఏమీ కాలేదు. అబ్బాయి రాకెట్టు వైపు పరుగు తీశాడు. ఎనభై ఏళ్ళ నాన్న వాడి రెక్క పట్టుకుని ఆపారు.

"ఆగు బిడ్డా! ముందు తాళంచెవి తియ్యి. అది పేలలేదని నీకెవరు చెప్పారు?"

ఒక నిమిషం ఆగాలని కిట్టు కాగితంలోనూ ఉంది. నాన్న అది చదవలేదు. బావిలో ఇంకా ఎక్కువసేపే ఆగేవాళ్ళమన్నారు. నిమిషం గడిచాక వెళ్ళి చూస్తే తీగ ఊడి ఉంది. మళ్ళీ కట్టాం.

ఈసారి సర్రున లేచింది. రెండు క్షణాల్లో చుక్కంతయి, సన్నని పొగ గీసి, టప్పుమని పారాచూట్ విప్పింది. అబ్బాయి దాని వెంట పరుగెత్తాడు. నాకు రోటి ముందు కూర్చున్న ఆ పిల్లవాడు గుర్తుకొచ్చాడు. వాడికీ ఇంత ఆనందమే కావలసింది. ధైర్యానికి కొదవ లేదు, తెలివికీ కొదవ లేదు. పక్కన నిలబడి ఆపేవాళ్ళే లేకపోయారు.

1971 అక్టోబరు 9న శ్రీహరికోట నుంచి తొలి రోహిణి రాకెట్టు ఎగిరింది. అంత జాగ్రత్త గల ఆ చోట కూడా 2004 ఫిబ్రవరి 23న ఘన ఇంధనం అంటుకుని ఆరుగురు మరణించారు. మందుకు పెద్దా చిన్నా తెలియదు.

ఆ రాత్రి పెట్టె సర్దుతుంటే తాళంచెవి కనబడలేదు. ఇల్లంతా వెతికాం. నాన్న చొక్కా జేబులో ఉంది.