శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తిండి, ఒళ్లు, ఆరోగ్యం

ఉత్తరాంధ్రలో తిండిని అది పనిలో ఎంతసేపు ఆదుకుంటుందో చూసి అంచనా కట్టడం పాత అలవాటు. పొద్దున్నే అంబలి తాగి పొలానికి వెళ్లిన మనిషి మధ్యాహ్నం దాకా నీరసపడకూడదు. ఈ లెక్క పక్కనే ఇంకోటి కూడా నడిచింది: ఎవరింట ఏ గింజ ఉడుకుతుందో దాన్నిబట్టి పరువు. మొదటి లెక్కలో చోడి నెగ్గింది, రెండో లెక్కలో వరి నెగ్గింది. రెండు శతాబ్దాల ఇక్కడి ఆరోగ్య చరిత్ర చాలావరకు ఈ రెండు లెక్కల తగువే.

జిల్లాల సరిహద్దులు మాత్రం తరచూ మారాయి. 1936లో ఒరిస్సా వేరుపడేదాకా శ్రీకాకుళం గంజాం జిల్లాలో భాగం. తర్వాత విశాఖపట్నం జిల్లాలో కలిసి, 1950లో సొంత జిల్లా అయింది. విజయనగరం జిల్లా 1979లో ఏర్పడింది. సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం వంటి కొండ ప్రాంతాలు 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి.

చోడి, అంబలి, తరవాణి

వంశధార, నాగావళి నీళ్లందే పల్లాల్లో వరి పండుతుంది. మెట్ట మీద, కొండవాలుల్లో చోళ్లు, గంటెలు, సామలు, కొర్రలు. వేరేచోట రాగులు, సజ్జలు అనేవే ఇక్కడి చోళ్లు, గంటెలు. సవరలు, జాతాపులు అనే గిరిజనులు పోడు కొట్టి వీటిని పండించుకున్నారు.

అంబలి కాచడం పెద్ద విద్యేమీ కాదు గానీ ఓపిక కావాలి. చోడిపిండిని ముందురోజే నీళ్లలో కలిపి కుండలో పులియబెడతారు. మర్నాడు నూకలు ఉడికించి, అవి మెత్తబడ్డాక పులిసిన పిండి పోస్తూ తెడ్డుతో ఆపకుండా కలుపుతారు. చెయ్యి ఆగితే ఉండ కడుతుంది. చల్లారాక ఉప్పు, మజ్జిగ వేసుకుని తాగుతారు. పంటి కిందికి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, లేదంటే కాల్చిన ఎండుచేప. తరవాణిది మరో పద్ధతి. అన్నం వార్చిన గంజిని రోజూ ఒక కుండలో పోస్తూ పులియనిస్తారు. రాత్రి మిగిలిన అన్నాన్ని అందులో వేసి పొద్దున్నే తింటారు. ఎండల్లో తరవాణి చలవ చేస్తుందని పేరు. గంజి పారబోయడం దండగన్న పొదుపు బుద్ధి కూడా ఆ కుండ వెనక ఉంది.

ఈ పొదుపు ఒంటికీ మేలే చేసింది. మరపట్టిన బియ్యంలో మిగిలే కాస్త బి1 విటమిన్ కడుగులోకి, వార్చిన గంజిలోకి దిగిపోతుంది. గంజి మళ్లీ కడుపులోకి చేరే ఇంట్లో ఆ నష్టం కొంత పూడుతుంది. చోళ్లనైతే గింజ మొత్తంగా విసురుతారు కాబట్టి పోయేది తక్కువ. వంద గ్రాముల చోళ్లలో దాదాపు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, బియ్యంలో 10 మిల్లీగ్రాములకు అటూ ఇటూ.

తెల్లన్నం తెచ్చిన జబ్బు

కాళ్లు తిమ్మిరెక్కి, వాచి, ఆయాసం ముదిరి మనిషిని పడగొట్టే బెరిబెరికి ఈ జిల్లాలున్న ఉత్తర సర్కారుల కోస్తా ఒకప్పుడు పేరుమోసింది. మద్రాసు సైన్యంలో వైద్యుడుగా ఉన్న జె.జి. మాల్కమ్‌సన్ 1835లో ఈ జబ్బు మీద మద్రాసులో ఒక గ్రంథమే అచ్చువేశాడు. తీరం వెంబడి కనిపించే ఈ జబ్బు లోపలికి వెళ్లేకొద్దీ అరుదని అందులో రాశాడు. అసలు కారణం అప్పటికి ఎవరికీ అందలేదు. 1890ల్లో జావాలో ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు పాలిష్ బియ్యం మేసిన కోళ్లకు ఇలాంటి జబ్బే రావడం గమనించాకే లోకానికి దారి దొరికింది. కూనూరులోని పోషకాహార పరిశోధనశాల అధిపతి ఆక్రాయిడ్, సహచరులు 1940లో భారతదేశపు బియ్యం సమస్యపై వెలువరించిన గ్రంథంలో సర్కారుల బెరిబెరికి మిల్లులో మరపట్టిన పచ్చి బియ్యంతో ఉన్న ముడిని చూపించారు. ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాల్లో ఈ పీడ లేదు. ధాన్యాన్ని ముందే ఉడికించి ఎండబెడితే తవుడులోని బి1 గింజలోకి ఇంకుతుంది. ఆ పరిశోధనశాలే తర్వాత హైదరాబాదుకు తరలి, ఈనాటి జాతీయ పోషకాహార సంస్థ అయింది.

ఇందులో విడ్డూరం ఏమంటే, పరువైన గింజ తిన్నవాళ్లకే ఈ జబ్బు. మెట్ట మీద అంబలి తాగే కూలివాణ్ని ఈ ఒక్క విషయంలో పేదరికమే కాపాడింది. అలాగని పేదరికాన్ని పొగడాల్సిన పనిలేదు. 1866 కరవులో ఒరిస్సాతో పాటు గంజాం కూడా అల్లాడింది. కొండల్లో వానాకాలపు ఆకలి నెలల్లో మామిడి టెంకలోని జీడిని ఎండబెట్టి, దంచి, ఆ పిండితో కాచిన అంబలి మీద బతికిన కుటుంబాలు ఇటీవలి కాలం దాకా ఉన్నాయి.

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టాక తగువు ఒక వైపుకి తేలిపోయింది. పండగకో చుట్టానికో వండే తెల్లన్నం రోజూ రెండు పూటలా కంచంలోకి వచ్చింది. ఆ పథకాన్ని తిట్టడం కడుపు నిండినవాళ్లకే సాధ్యం. ఆకలి నెలలకు అది నిజమైన మందు. కానీ విసుర్రాయి మూలకు చేరింది, మెట్టలో చోళ్లు తగ్గాయి.

కండ, గౌరవం

తిండికీ కండకూ, కండకూ మనిషితనానికీ ముడివేసిన గేయం విజయనగరం నుంచే వచ్చింది. గురజాడ అప్పారావు ‘దేశభక్తి’ 1910 నాటిది. దేశమంటే మట్టి కాదన్న మాటే అందరికీ గుర్తుంది గానీ, ఆ గేయంలో తిండి గురించిన వాదన అంతకంటే తక్కువదేమీ కాదు. పాడిపంటలు పొంగితేనే జనానికి బలమని కవి తేల్చి చెప్పాడు. ఇది ఆధ్యాత్మిక గొప్పలకు ఎదురుగా నిలిచిన మాట.

దాదాపు అదే కాలంలో అదే ఊళ్లో వ్యాయామ ఉపాధ్యాయుడుగా పనిచేసిన కోడి రామమూర్తి నాయుడు ఆ వాదనకు బతికున్న రుజువులా కనిపించాడు. వీరఘట్టంలో పుట్టి, మద్రాసులో వ్యాయామ శిక్షణ పొంది వచ్చి, తర్వాత సర్కస్ పెట్టి దేశమంతా తిరిగాడు. ఒంటికి కట్టిన గొలుసులు తెంచడం, కదలబోయే కార్లను పట్టి ఆపడం, ఛాతీ మీదుగా ఏనుగును నడిపించుకోవడం ఆయన ప్రదర్శనలు. కలియుగ భీముడన్నారు, ఇండియన్ హెర్క్యులస్ అన్నారు. అంత దేహాన్ని పెంచినవాడు శాకాహారి. బలం మాంసంలోనే ఉందని తెల్లవాళ్ల నుంచి నేర్చుకుంటున్న రోజుల్లో ఆయన ప్రాణాయామం గురించి మాట్లాడటం జనానికి బాగా నచ్చింది. ఆయన 1942లో ఒరిస్సాలో కన్నుమూశాడు. శ్రీకాకుళం స్టేడియానికి ఆయన పేరే పెట్టారు.

మగవాడి కండకు దక్కిన ఈ గౌరవం ఆడపిల్లకు దక్కడానికి చాలా కాలం పట్టింది. ఇంటిల్లిపాదీ తిన్నాక మిగిలింది తినడమే ఆమెకు నేర్పిన పద్ధతి. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట పిల్ల కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం అందుకున్న తొలి భారతీయ మహిళ ఆమె. నెల్లిమర్ల పక్కన కొండవెలగాడ వెయిట్‌లిఫ్టర్ల ఊరుగా పేరు తెచ్చుకుంది. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం సాధించింది.

వేడి, చలవ, పథ్యం

డాక్టరు చీటీ పక్కనే ఇంకో శాస్త్రం ఇంటింటా నడుస్తుంది. బొప్పాయి వేడి, మజ్జిగ చలవ, వంకాయ వాతం. బాలింతకు కాయం ముద్ద, పథ్యపు కారం. పాలు పడాలని తీరగ్రామాల్లో పాలసొర పిట్టు. ఒంటి మీద పొక్కులు లేస్తే అమ్మవారు పోసిందని ఇంట్లో తాలింపు ఆపేస్తారు, వేపమండలు కడతారు, పెరుగన్నం, చలివిడి నైవేద్యం పెడతారు. జ్వరం వేడిని చలవ తిండితో దించాలన్నదే ఇందులోని తర్కం. చర్మరోగాలు, కంటిజబ్బులు ఉన్నవాళ్లు అరసవల్లి సూర్యనారాయణమూర్తికి మొక్కుకుంటారు. రథసప్తమినాడు పిడకల పొయ్యి మీద పరమాన్నం వండి చిక్కుడాకుల్లో పెడతారు. బాలింతకు నీళ్లు తక్కువ ఇవ్వడం వంటి ఆచారాలు మాత్రం హాని చేశాయి. అన్నింటినీ ఒకే గాటన కట్టి మెచ్చుకోవడం కుదరదు.

మళ్లీ చోడి, ఆపై ఉద్దానం

చోడిని జనం వదిలేసినా పరిశోధన వదల్లేదు. విజయనగరం వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి చంపావతి, భారతి, శ్రీచైతన్య వంటి రకాలు వచ్చాయి. చంపావతి ఆ జిల్లా నది పేరే. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించేనాటికి షుగరు వచ్చిన ఉద్యోగులు చోడిపిండి ప్యాకెట్లు కొంటున్నారు. వేసవిలో రోడ్డు పక్కన బండ్ల మీద అంబలి గ్లాసుల్లో అమ్ముడవుతోంది. కూలివాడి పొద్దుటి తిండి డాక్టరు సలహాగా తిరిగొచ్చింది.

ఈ రాక అందరికీ వర్తించదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల ఉద్దానంలో 1990ల నుంచి కిడ్నీ జబ్బు బయటపడుతూ వచ్చింది. మధుమేహం, రక్తపోటు లేని రైతులు, కూలీలు కూడా దీని బారిన పడుతున్నారు. నీటిలోని సిలికా, పురుగుమందులు, ఎండలో నీళ్లు చాలక చేసే చాకిరీ, ఇలా అనుమానాలు పలువైపులా ఉన్నాయి. హిరమండలం రిజర్వాయరు నుంచి పైపుల ద్వారా నీళ్లు తెచ్చే సుజలధార పథకాన్ని, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రిని 2023 డిసెంబరు 14న ప్రారంభించారు. జబ్బు ఊళ్ల పరువునూ తాకింది. ఉద్దానం సంబంధమంటే పెళ్లివారు వెనకాడుతున్నారని అక్కడివాళ్లే చెప్పుకుంటారు.

కొబ్బరితోటల నడుమ ఉండే రోగికి డయాలసిస్ మొదలయ్యాక కొబ్బరినీళ్లు మానమంటారు, ఒంట్లో పొటాషియం పెరుగుతుందని. తాగే నీళ్లకూ కొలత పెడతారు. భాస్వరం, పొటాషియం లెక్క చూసి చోళ్లు కూడా తగ్గించమంటారు. పాలిష్ పట్టిన తెల్లబియ్యాన్నే ఎక్కువ నీళ్లలో ఉడికించి, గంజి వార్చి తినమని సలహా ఇస్తారు.