సీటు కింద నూనె కథ



1960 ఏప్రిల్ 1న, అంతవరకూ చిత్తూరు జిల్లాలో ఉన్న తిరుత్తణి తాలూకా మద్రాసు రాష్ట్రంలో కలిసింది. పటాస్కర్ తీర్పు, దాన్ని అనుసరించి 1959లో పార్లమెంటు చేసిన సరిహద్దుల మార్పు చట్టం మీ ఇళ్ళలో పెద్దవాళ్ళ నోట విన్నవే. తిరుత్తణి అటు పోయింది, సత్యవేడు ఇటు వచ్చింది. అదే 1960లో మద్రాసులో ట్రాక్టర్స్ అండ్ ఫార్మ్ ఎక్విప్‌మెంట్ అనే కంపెనీ పుట్టింది. టాఫే అంటే మీకు వెంటనే తెలుస్తుంది. ఆ ఏడాదే అక్టోబరులో, ఐర్లండులో పుట్టిన హారీ ఫెర్గూసన్ అనే ఇంజనీరు ఇంగ్లండులో కన్నుమూశాడు. ఈ మూడు సంగతులకూ ఒకదానితో ఒకటి సంబంధమేమీ లేదు. అయినా తిరుత్తణి కయ్యల్లో ఒక మాసీ ట్రాక్టరు కల్టివేటర్‌ని పైకెత్తినప్పుడల్లా ఆ మూడూ ఒకచోట చేరుతున్నాయి.

ఎలాగో చెబుతాను. మీ ట్రాక్టరు లిఫ్టు మొరాయించినప్పుడు ఈ కథ పనికొస్తుంది కూడా.

మడక దున్నే మనిషికి హైడ్రాలిక్కు అక్కర్లేదు. సాలు చివరికి రాగానే మేడి పట్టి మడకను లేపి, ఎద్దులను తిప్పుకుంటాడు. కర్రు లోతుగా దిగితే మేడిని కొంచెం వంచుతాడు, పైపైన పోతుంటే అదిమి పట్టుకుంటాడు. రాయి తగిలితే ఎద్దులే ఆగుతాయి. ఇంత తెలివి చేతిలో ఉంది కాబట్టి ఎవరూ దాన్ని తెలివి అనుకోలేదు. ఇనుప ఎద్దు వచ్చాకే ఆ సంగతి బయటపడింది.

తొలినాటి ట్రాక్టర్లు నాగలిని గొలుసుతోనో కడ్డీతోనో వెనకాల ఈడ్చుకుపోయేవి. నాగలి రాతికో వేరుకో తట్టుకుంటే ట్రాక్టరు ఆగేది కాదు. వెనక చక్రాలు నేలను పట్టుకునే ఉంటాయి, ఇంజను తిరుగుతూనే ఉంటుంది, దాంతో ముందు చక్రాలు గాలిలోకి లేచి బండి మొత్తం డ్రైవరు మీదికి తిరగబడేది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1917లో, ఐర్లండు వ్యవసాయ శాఖ ట్రాక్టర్ల పనితీరు మెరుగుపరిచే బాధ్యతను ఫెర్గూసన్‌కు అప్పగించింది. ఊరూరా తిరిగి చూశాక ఆయనకు అర్థమైంది ఒక్కటే: ట్రాక్టరూ నాగలీ రెండు వస్తువులుగా ఉన్నంతకాలం ఈ గొడవ తప్పదు.

అందుకని రెంటినీ మూడు చోట్ల కలిపాడు. కింద రెండు చేతులు, పైన ఒక టాప్ లింకు. ఆ కింది చేతులను ఎత్తడానికి నూనె బలం వాడాడు. నాగలి లోతుగా దిగి బరువెక్కితే టాప్ లింకు ముందుకు నెట్టబడి ఒక స్ప్రింగును నొక్కుతుంది. స్ప్రింగు వాల్వును కదిలిస్తుంది, పంపు నూనె పంపుతుంది, నాగలి ఒక్క రవ్వ పైకి లేస్తుంది. బరువు తగ్గగానే మళ్ళీ దిగుతుంది. మేడి పట్టిన చెయ్యి చేసే పనే ఇది! దీనికి ఆయన 1926లో పేటెంటు పొందాడు. ఇవాళ దాన్నే డ్రాఫ్ట్ కంట్రోల్ అంటున్నాం.

తరువాత 1938లో ఆయన అమెరికా వెళ్ళి హెన్రీ ఫోర్డుతో చేయి కలిపాడు. ఒప్పందం నోటిమాట మీదనే. మరుసటేడు ఫోర్డు ట్రాక్టరు ఫెర్గూసన్ పద్ధతితో బయటికి వచ్చింది. ఫోర్డు మనవడి హయాం వచ్చేసరికి ఆ మాట చెల్లలేదు. దావా పడింది, 1952లో 92 లక్షల 50 వేల డాలర్లకు రాజీ కుదిరింది. కాగితం రాసుకోకుండా గెనిమ పక్కన నిలబడి చేసుకునే ఒప్పందాలు మనకూ తెలుసు, వాటి గతీ తెలుసు. 1953లో ఫెర్గూసన్ వ్యాపారం కెనడాకు చెందిన మాసీ-హారిస్‌తో కలిసింది. 1958 నుంచి ఆ పేరు మాసీ ఫెర్గూసన్. ఆ మాసీ సహకారంతోనే మద్రాసులో టాఫే మొదలయింది.

మద్రాసులో సెంబియం కర్మాగారం ఉన్న పెరంబూరు పక్కనుంచే రైలు మార్గం తిరువళ్ళూరు మీదుగా అరక్కోణం పోతుంది. 1856లో వేసిన దారి అది. అరక్కోణంలో రేణిగుంట వైపు మళ్ళితే తిరుత్తణి. ట్రాక్టరు తయారయ్యే చోటికీ దున్నే చోటికీ మధ్య ఒక పూట ప్రయాణం కూడా లేదు. రిపేరు షెడ్లలో తమిళమూ తెలుగూ కలగలిసి వినపడతాయి. తమిళంలో ఎణ్ణెయ్ అన్నా తెలుగులో నూనె అన్నా, ట్రాక్టరు దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ ఆయిలే అంటారు.

ఇక ఆ పాత ఫెర్గూసన్ వంశపు ట్రాక్టర్లలో పంపు ఎక్కడుంటుంది? మీరు కూర్చునే సీటు కింద, గేర్ల పెట్టె వెనక, నూనెలో మునిగి ఉంటుంది. దాన్ని తిప్పేది పి.టి.ఒ. షాఫ్టు. అందుకే వాటిలో పి.టి.ఒ. లివరు వెయ్యకపోతే లిఫ్టు లేవదు. గేర్లకూ లిఫ్టుకూ నూనె ఒక్కటే. చెరువు కింద కయ్యల్లో కేజ్ వీల్స్ వేసి అడుసు దున్నేటప్పుడు ఎక్కడి సీలు అరిగినా నీళ్ళు ఆ నూనెలోకే చేరతాయి. ఇంగ్లండు మెట్ట పొలాలకు చేసిన బండిని వరిమడిలో దించితే వచ్చే చిక్కు ఇది.

ఇప్పుడు మామిడి తోటల్లో, ఇరుకు కయ్యల్లో తిరుగుతున్న చిన్న ట్రాక్టర్లది వేరే వంశం. చిన్న కమతాల వరి సేద్యం చేసే జపాను వాళ్ళు తమ పొలాల కొలతకు చేసుకున్న యంత్రాలవి. బెంగుళూరు వి.ఎస్.టి. కంపెనీ 1967లో మిత్సుబిషి వారితో కలిసి మొదలయింది. కుబోటా వారి భారతీయ కంపెనీ 2008లో చెన్నై కేంద్రంగా వచ్చింది. చిన్న ట్రాక్టర్లలో ఎక్కువగా పంపు సీటు కింద ఉండదు. ఇంజను పక్కన, బయటికి కనపడేలా, రెండు పళ్ళ చక్రాలున్న గేర్ పంపు ఉంటుంది. ఇంజను తిరుగుతున్నంతసేపూ అది నూనె తోడుతూనే ఉంటుంది. కాబట్టి దాని ప్రాణమంతా నూనె పీల్చుకునే పైపులో, ఆ దారిలో ఉన్న ఫిల్టరులో ఉంది.

ఇది తెలియక ఏం జరుగుతోందంటే, లిఫ్టు లేవకపోతే చాలు, "పంపు పోయింది" అన్న మాట ముందొస్తుంది. పంపు విప్పడమంటే డబ్బూ, దుక్కి అదునూ రెండూ పోవడం. పైసా ఖర్చు లేని పరీక్షలు ముందు చెయ్యండి. బండిని చదునైన నేల మీద నిలిపి, పనిముట్టును కిందికి దించి నూనె మట్టం చూడండి. పైకెత్తి ఉంచి చూస్తే కొంత నూనె సిలిండరులోనే ఉంటుంది, లెక్క తప్పుతుంది. పంపు కీచుమంటూ లిఫ్టు అదురుతూ లేస్తుంటే, నూనె నురగ కడుతుంటే, గాలి పీలుస్తోందన్నమాట. ఫిల్టరు మూసుకుపోయిందేమో, పైపు క్లిప్పు వదులైందేమో చూడాలి. చల్లగా ఉన్నప్పుడు బాగా ఎత్తి, వేడెక్కాక నీరసించిందంటే పంపు అరుగుదలను శంకించాలి. అదీ తగిన నూనె పోసి ఉంటేనే.

మరొక పరీక్ష ఉంది, నాకు అన్నిటికంటే నచ్చినది. కల్టివేటర్‌ని ఎత్తి, చుట్టూ ఎవరూ లేకుండా చూసి, ఇంజను ఆపండి. అది కొద్ది నిమిషాల్లోనే కిందికి దిగిపోతోందా? ఆగిపోయిన ఇంజనుతో పంపు తిరగడం లేదు కదా, ఇక దాని తప్పు ఎలా అవుతుంది? దొంగ సిలిండరు పిస్టన్ సీలు, ఓరింగు, లేదా వాల్వు దగ్గర ఉన్నాడు. లోపల అరిగింది చిన్న రబ్బరు వలయం కావచ్చు. ఆ చిన్నదాని మీద ఎంత భారం ఉందో చూడండి. 75 మిల్లీమీటర్ల సిలిండరు అడుగు వైశాల్యం సుమారు 44 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 150 కిలోల ఒత్తిడి ఉంటే పిస్టన్ మీద 6600 కిలోల తోపు. కారు టైరులో ఉండేది రెండు కిలోలకు అటూ ఇటూగా మాత్రమే. చేతుల పొడవు వల్ల చివరికి ఎత్తగలిగే బరువు బాగా తగ్గుతుంది. చాలా చిన్న ట్రాక్టర్లలో అది 1000 కిలోల లోపే. పెద్ద ట్రాక్టరు రోటవేటర్‌ని తెచ్చి దీనికి తగిలించి, ఎత్తలేదని రిలీఫ్ వాల్వు స్ప్రింగు కింద వాషర్లు పెట్టించేవాళ్ళు ఉన్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి. పగలాల్సిన ఒత్తిడి వాల్వు దగ్గర విడుదల కాకపోతే, పైపునో పంపునో పగలగొడుతుంది.

రెండు ప్రమాదాలు గట్టిగా చెప్పాలి. లేపి ఉంచిన పనిముట్టు కిందికి చెయ్యి గాని కాలు గాని పెట్టకండి. సీలు మీద నమ్మకంతో నిలబడ్డ బరువు అది. ముందు నేలకు దించండి, లేదా దిమ్మెలు పెట్టండి. ఇక పైపు కారుతుంటే వేలితో తడమకండి. సూదిమొన బెజ్జంలోంచి వచ్చే నూనె చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. బయటికి చిన్న చుక్కలా కనపడుతుంది, నొప్పి కూడా మొదట ఉండకపోవచ్చు. గంటలు గడిస్తే వేలే తీసెయ్యాల్సి రావచ్చు. అట్ట ముక్క అడ్డుపెట్టి చూడండి. పొరపాటున గుచ్చుకుంటే పసుపు పెట్టుకుని కూర్చోకుండా, వెంటనే ఆపరేషను వసతి ఉన్న ఆసుపత్రికి వెళ్ళి, ఒత్తిడి నూనె లోపలికి పోయిందని చెప్పండి. ఫెర్గూసన్ మాన్పించిన తిరగబాటు కూడా పూర్తిగా పోలేదు. ఇరుక్కున్న బండినో, మామిడి మోడునో లాగడానికి గొలుసును టాప్ లింకు చోట కట్టారంటే మళ్ళీ 1917 నాటి స్థితే. గొలుసు కింద డ్రాబారుకే కట్టాలి.

అడుసు దుక్కి ముగిసిన రోజుల్లో నూనె పాలలాగా తెల్లబడితే నీళ్ళు కలిసినట్టే. బండిని రాత్రంతా కదపకుండా ఉంచండి. నీళ్ళు నూనెకన్నా బరువు కాబట్టి కొంతైనా అడుగుకు దిగుతాయి. తెల్లవారి ఇంజను వెయ్యకముందే డ్రెయిన్ బోల్టును కొంచెం వదులు చేసి ఒక గిన్నె పట్టండి. ముందు నీళ్ళు పడితే, ఆ నూనె మార్చడమే కాక, అవి ఏ సీలులోంచి వచ్చాయో చూసి దాన్నీ మార్పించాలి. కొత్త నూనె ఏ రకమో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆయిల్ బ్రేకులున్న చిన్న ట్రాక్టర్లలో చాలావాటిలో బ్రేకులు కూడా ఆ నూనెలోనే మునిగి ఉంటాయి, కాబట్టి ఇంజనులోంచి తీసిన పాత ఆయిలు అందులో పొయ్యకూడదు.