పరభాషా పదసంపాదనము

1820లో కడపకుఁ గొలువునకు వచ్చిన సి. పి. బ్రౌను దొర పండితులకు జీతమిచ్చి తెలుఁగు నేర్చెను. 1852లో ఆయన తెలుఁగు–ఇంగ్లీషు నిఘంటువు వెలువడెను. ఆయనకు గురువులుండిరి, కాలముండెను. నేఁడు చిత్తూరు సీమనుండి ఇంటిపనికై కువైటు పోవు స్త్రీకి దినములు కొలఁదియే. చేత మొబైల్ ఫోను మాత్రమున్నది.

అందలి భాషాయాప్‌లు పెక్కింటి యుపాయము క్రొత్తది కాదు. చదివినది యెంత వేగముగ మఱపునఁ బడునో 1885లో జర్మను పండితుఁడు ఎబ్బింగ్‌హౌస్ చూపెను. వచ్చిన పదమును అరుదుగను, రాని పదమును తఱచుగను అడుగు చీట్లపెట్టెను 1972లో లైట్నర్ వివరించెను. వీథిబడులలో అమరకోశమును వల్లెవేయించిన మన పెద్దలును ఆవృత్తి విలువ నెఱిఁగినవారే.

అయినను యంత్రము పదమును జ్ఞప్తికిఁ దెచ్చునుగాని, ఆమెకు ఏ పదము ముందు కావలయునో యెఱుఁగదు. పండ్ల పేర్లకంటె జీతము, విశ్రాంతి, జ్వరము అను మాటలు అరబ్బీలో ముందు రావలయును. ప్రయాణమునకు మునుపే వానిని తెలుఁగర్థముతో వల్లెవేయించుట ఇంటివారి విధి.