నరేన్ కార్తికేయన్

నరేన్ కార్తికేయన్ (జననం: 1977 జనవరి 14) భారతదేశానికి చెందిన కారు పందేల క్రీడాకారుడు. ఫార్ములా వన్ పందెంలో పాల్గొన్న మొట్టమొదటి భారతీయుడు ఇతడే. తమిళనాడులోని కోయంబత్తూరులో స్థిరపడిన తెలుగు కుటుంబానికి చెందినవాడు. శ్రీపెరుంబుదూరు సమీపంలోని ట్రాక్‌పై చిన్న మారుతి ఇంజన్ కారుతో పందేలు మొదలుపెట్టి, బ్రిటన్, ఆసియా, జపాన్, స్పెయిన్ దేశాలలోని పోటీలను ఒక్కొక్కటిగా దాటి 2005 మార్చి 6న మెల్బోర్న్‌లో జరిగిన ఆస్ట్రేలియా గ్రాండ్ ప్రితో ఫార్ములా వన్‌లో ప్రవేశించాడు. ఈ ప్రయాణానికి సుమారు 13 సంవత్సరాలు పట్టింది. 2010లో భారత ప్రభుత్వం ఇతనిని పద్మశ్రీ పురస్కారంతో గౌరవించింది.

కుటుంబ నేపథ్యం

కోయంబత్తూరు పరిసరాలలో తెలుగు మాట్లాడే కుటుంబాలు కొన్ని శతాబ్దాలుగా నివసిస్తున్నాయి. వ్యవసాయం నుండి నూలు మిల్లులకు, అక్కడి నుండి యంత్రాల తయారీకి విస్తరించిన ఈ కుటుంబాలు ఆ నగర పారిశ్రామిక ప్రగతిలో ముఖ్యపాత్ర వహించాయి. ప్రసిద్ధ ఆవిష్కర్త జి.డి.నాయుడు కూడా ఈ సమాజానికి చెందినవాడే. యంత్రాల మీద మక్కువ, లేత్ పనిలో నైపుణ్యం, ఖర్చుకు వెనుదీయని సంపన్న కుటుంబాలు ఒకేచోట ఉండడం వల్ల మోటారు పందేలు ఈ ఊరిలో వేళ్ళూనుకున్నాయి.

నరేన్ తండ్రి జి.ఆర్.కార్తికేయన్ జాతీయ ర్యాలీ ఛాంపియన్. దక్షిణ భారత ర్యాలీని 7 సార్లు గెలుచుకున్నాడు. నరేన్ కోయంబత్తూరులోని స్టేన్స్ పాఠశాలలో చదువుకున్నాడు. చిన్ననాటి నుండే ఫార్ములా వన్‌లో పాల్గొనే తొలి భారతీయుడు కావాలన్నది ఇతని ఆశయం.

ఫార్ములా మారుతి, శ్రీపెరుంబుదూరు ట్రాక్

మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ మొదట్లో షోళవరంలోని పాత విమానాశ్రయ రన్‌వే మీద పందేలు నిర్వహించేది. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టైలో సుమారు 3.7 కిలోమీటర్ల పొడవైన శాశ్వత ట్రాక్ ఏర్పడింది. ఇది చెన్నై - బెంగళూరు జాతీయ రహదారి పక్కన ఉంది. చిత్తూరు నుండి రాణిపేట, కాంచీపురం మీదుగా చెన్నై వెళ్ళేవారు ఈ ప్రాంతాన్ని దాటే వెళతారు. ఈ విధంగా భారతదేశపు ఫార్ములా పందేలకు పుట్టినిల్లు వంటి ఈ ట్రాక్ దక్షిణ రాయలసీమకు పొరుగునే ఉన్నది.

ఈ ట్రాక్ మీద పరుగెత్తిన కార్లలో చాలా వాటికి మూలపురుషుడు కోయంబత్తూరు లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన ఎస్.కరివర్ధన్ (1954 - 1995). విదేశీ రేసు కార్ల దిగుమతి దాదాపు అసాధ్యంగా ఉన్న కాలంలో, మారుతి కారు ఇంజన్‌ను అమర్చి ఒకే సీటు గల రేసు కారును ఇతడు స్వదేశంలోనే రూపొందించాడు. ధర తక్కువ కావడం వల్ల యువకులు పలువురు ఈ పోటీలలోకి రాగలిగారు. కోయంబత్తూరు శివార్లలోని కరి మోటార్ స్పీడ్‌వేకు ఇతని పేరే పెట్టారు. నరేన్ తన మొదటి పందెంలో నడిపినది ఈ కోవకు చెందిన ఫార్ములా మారుతి కారునే. ఆ పందెంలోనే మొదటి మూడు స్థానాలలో ఒకటి సంపాదించాడు.

ఫార్ములా పందేలలో మెట్లు

ఒకే సీటు ఉండి, చక్రాలు బయటకు కనిపించే కార్లతో జరిగే పందేలను ఫార్ములా పందేలు అంటారు. కారు బరువు, ఇంజన్ సామర్థ్యం, టైర్లు మొదలైన వాటికి ముందుగా నిర్ణయించిన నియమావళినే 'ఫార్ములా' అని వ్యవహరిస్తారు. క్రీడాకారుడు తక్కువ శక్తి గల కార్ల నుండి ఎక్కువ శక్తి గల కార్లకు క్రమంగా ఎదగాలి.

* ఫార్ములా ఫోర్డ్: ఈ కార్లకు రెక్కలు ఉండవు. గాలి ఒత్తిడి సహాయం లేనందున మలుపులలో కారును అదుపు చేయడం పూర్తిగా చోదకుని నేర్పు మీదే ఆధారపడుతుంది.
* ఫార్ములా ఓపెల్: అందరికీ ఒకే రకం కారు, ఒకే ఇంజన్. రెక్కలు గల కారును నడపడం ఇక్కడ అలవడుతుంది.
* ఫార్ములా త్రీ: 2 లీటర్ల ఇంజన్. లోపలికి వెళ్ళే గాలిని నియంత్రించి శక్తిని పరిమితం చేస్తారు. 1983లో అయర్టన్ సెన్నా, 1990లో మికా హక్కినెన్ బ్రిటిష్ ఫార్ములా త్రీ విజేతలుగా నిలిచి తరువాత ఫార్ములా వన్‌లో ప్రపంచ ఛాంపియన్లు అయ్యారు.
* ఫార్ములా నిప్పాన్, నిస్సాన్ వరల్డ్ సిరీస్ వంటివి: ఫార్ములా వన్‌కు ముందు మెట్లు.

ఇవి నరేన్ కాలం నాటి మెట్లు. ప్రస్తుతం ఫార్ములా ఫోర్, ప్రాంతీయ ఫార్ములా త్రీ, అంతర్జాతీయ ఫార్ములా త్రీ, ఫార్ములా టూ అనే వరుస ఏర్పడింది. 2016 నుండి ఫార్ములా వన్‌కు కావలసిన సూపర్ లైసెన్సు పొందాలంటే కింది స్థాయి పోటీలలో మూడు సీజన్లలో కలిపి 40 పాయింట్లు సంపాదించాలి.

ఈ క్రీడలో ఒక ముఖ్యమైన తేడా ఉంది. కింది స్థాయి పోటీలలో సాధారణంగా క్రీడాకారునికి జట్టు జీతం ఇవ్వదు; కారు, టైర్లు, మరమ్మత్తులు, మెకానిక్కుల ఖర్చుల కోసం క్రీడాకారుడే జట్టుకు డబ్బు చెల్లించాలి. అందుచేత ప్రతి సంవత్సరం కొత్త ప్రాయోజకులను వెదుక్కోవలసి వస్తుంది. పందెంలో గెలిచినా పై మెట్టు ఎక్కగలరన్న హామీ లేదు.

తొలి అడుగులు (1992 - 1996)

1992లో నరేన్ ఫ్రాన్సులోని ఎల్ఫ్ విన్‌ఫీల్డ్ రేసింగ్ పాఠశాలలో చేరాడు. నాలుగు సార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన అలెన్ ప్రోస్ట్ కూడా విన్‌ఫీల్డ్ పాఠశాలలో శిక్షణ పొందినవాడే. పాఠశాల నిర్వహించే 'పైలట్ ఎల్ఫ్' పోటీలో నరేన్ సెమీఫైనల్ వరకు వెళ్ళాడు. 1993లో స్వదేశంలో ఫార్ములా మారుతి పందేలలోను, బ్రిటన్‌లో ఫార్ములా వాక్స్‌హాల్ జూనియర్ పందేలలోను పాల్గొన్నాడు.

1994లో బ్రిటన్‌లోనే ఫార్ములా ఫోర్డ్ పందేలలో పాల్గొన్నాడు. ఆ సంవత్సరం పోర్చుగల్ గ్రాండ్ ప్రికి అనుబంధంగా ఎస్టోరిల్‌లో జరిగిన పందెంలో మొదటి మూడు స్థానాలలో నిలిచాడు. బ్రిటిష్ ఫార్ములా ఫోర్డ్ శీతాకాలపు సిరీస్‌ను గెలిచి, ఐరోపాలో ఒక ఛాంపియన్‌షిప్ గెలిచిన తొలి భారతీయుడయ్యాడు.

1995లో ఆసియాకు మరలి ఫార్ములా ఆసియాలో నాలుగు పందేలలో మాత్రమే పాల్గొన్నాడు. మలేషియాలోని షా ఆలంలో రెండవ స్థానం లభించింది. 1996లో పూర్తి సీజన్‌లో పోటీపడి ఛాంపియన్‌గా నిలిచాడు. ఈ సిరీస్‌ను గెలిచిన తొలి భారతీయుడు, తొలి ఆసియా వాసి ఇతడే.

బ్రిటిష్ ఫార్ములా త్రీ (1997 - 2000)

1997లో బ్రిటిష్ ఫార్ములా ఓపెల్‌లో డోనింగ్టన్ పార్కులో పోల్ పొజిషన్ సాధించి, ఆ పందెం గెలిచి, మొత్తం మీద 6వ స్థానంలో నిలిచాడు. 1998లో కార్లిన్ జట్టు తరఫున బ్రిటిష్ ఫార్ములా త్రీలో ప్రవేశించి 10 పందేలలో మాత్రమే పాల్గొన్నాడు. చివరి రెండు పందేలలో మూడవ స్థానాలు సాధించి 12వ స్థానంతో సీజన్ ముగించాడు. 1999లో బ్రాండ్స్ హాచ్‌లో రెండు విజయాలతో 6వ స్థానానికి చేరుకున్నాడు.

2000 సంవత్సరం ఇతని కింది స్థాయి జీవితంలో అత్యుత్తమమైనది. ఛాంపియన్‌షిప్‌లో 4వ స్థానం పొందాడు. స్పా-ఫ్రాంకోర్‌షాంప్స్‌లో జరిగిన అంతర్జాతీయ ఫార్ములా త్రీ పందెాన్ని, కొరియా సూపర్ ప్రిని గెలిచాడు. మకావు గ్రాండ్ ప్రిలో పోల్ పొజిషన్, అత్యంత వేగవంతమైన ల్యాప్ ఇతనివే అయినా విజయం దక్కలేదు.

ఈ పందేలలో నరేన్ సహచరుల చరిత్ర గమనించదగినది. 1999లో 3వ స్థానం పొందిన జెన్సన్ బటన్ మరుసటి సంవత్సరమే విలియమ్స్ జట్టుతో ఫార్ములా వన్‌కు వెళ్ళాడు. 2000లో 3వ స్థానం పొందిన తకుమా సాటో 2002లో, ఆ సంవత్సరం ఛాంపియన్ అయిన ఆంటోనియో పిజోనియా 2003లో ఫార్ములా వన్‌లో ప్రవేశించారు. నాలుగవ స్థానంలో ఉన్న నరేన్‌కు ఆ అవకాశం 2005 వరకు రాలేదు.

నిరీక్షణ కాలం (2001 - 2004)

2001లో నరేన్ జపాన్‌లోని ఫార్ములా నిప్పాన్‌లో పోటీపడ్డాడు. అదే సంవత్సరం జూన్ 14న సిల్వర్‌స్టోన్‌లో జాగ్వార్ కారును పరీక్షార్థం నడిపి, ఫార్ములా వన్ కారును నడిపిన తొలి భారతీయుడయ్యాడు. అటుపిమ్మట జోర్డాన్ జట్టు కూడా కారు నడిపే అవకాశం ఇచ్చింది. వేగం విషయంలో జట్లకు సందేహం లేకపోయినా పందెపు సీటు మాత్రం దొరకలేదు.

2002 నుండి మూడేళ్ళ పాటు ఇతడు నిస్సాన్ వరల్డ్ సిరీస్‌లో పాల్గొన్నాడు. 2003లో రెండు పందేలు గెలిచి 4వ స్థానంలో నిలిచాడు. దీని ఫలితంగా మినార్డి జట్టు 2004కు ఫార్ములా వన్ సీటు ఇవ్వజూపింది. కానీ అందుకు అవసరమైన ప్రాయోజక ధనం సమకూరలేదు. క్రికెట్ వైపే ప్రకటనకర్తల చూపు ఉన్న దేశంలో, అప్పటికి ఒక్క భారతీయుడు కూడా పాల్గొనని క్రీడకు అంత మొత్తం సేకరించడం సాధ్యపడలేదు. నరేన్ మళ్ళీ నిస్సాన్ సిరీస్‌కే వెళ్ళి 2004లో స్పెయిన్‌లోని వాలెన్సియాలోను, ఫ్రాన్సులోని మాన్యీ కూర్‌లోను గెలుపొందాడు.

ఫార్ములా వన్

2005 ఫిబ్రవరి 1న జోర్డాన్ జట్టుతో ఒప్పందం కుదిరినట్లు ప్రకటన వెలువడింది. టాటా సంస్థ ఇతనికి ప్రాయోజకునిగా నిలిచింది. తొలి పందెమైన ఆస్ట్రేలియా గ్రాండ్ ప్రిలో 12వ స్థానం నుండి మొదలై 15వ స్థానంలో ముగించాడు.

అదే సంవత్సరం జూన్ 19న ఇండియానాపొలిస్‌లో జరిగిన అమెరికా గ్రాండ్ ప్రిలో నరేన్ 4వ స్థానం పొంది 5 పాయింట్లు సంపాదించాడు. ఫార్ములా వన్‌లో పాయింట్లు సాధించిన తొలి భారతీయుడు ఇతడే. అయితే ఆ పందెంలో భద్రతా కారణాల వల్ల మిషెలిన్ టైర్లు వాడే 14 కార్లు వైదొలగగా, బ్రిడ్జిస్టోన్ టైర్లు గల 6 కార్లు మాత్రమే పరుగెత్తాయి. సీజన్ చివరకు ఇతడు 18వ స్థానంలో ఉన్నాడు.

2006, 2007లలో విలియమ్స్ జట్టుకు పరీక్షా చోదకునిగా పనిచేశాడు. 2011లో హిస్పానియా జట్టుతో ఫార్ములా వన్‌కు తిరిగి వచ్చాడు. సీజన్ మధ్యలో ఇతని స్థానంలో డేనియల్ రికియార్డో వచ్చినా, 2011 అక్టోబరు 30న గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో జరిగిన మొట్టమొదటి భారత గ్రాండ్ ప్రిలో నరేన్ పాల్గొని 17వ స్థానంలో నిలిచాడు. 2012లో కూడా అదే జట్టులో కొనసాగాడు. మొత్తం 46 ఫార్ములా వన్ పందేలలో పాల్గొన్నాడు.

ఇతర పోటీలు

2007 డిసెంబరు 16న చైనాలోని ఝుహాయిలో జరిగిన ఏ1 గ్రాండ్ ప్రి పందెంలో గెలిచి ఆ పోటీలో భారత జట్టుకు తొలి విజయం అందించాడు. 2010లో అమెరికాలో నాస్కార్ ట్రక్కు పందేలలో పాల్గొన్నాడు. 2014 నుండి కొన్ని సంవత్సరాలు జపాన్‌లోని సూపర్ ఫార్ములాలో పోటీపడ్డాడు. 2019 నవంబరులో ఫ్యూజీలో జపాన్, జర్మనీ కార్ల సిరీస్‌లు కలిసి నిర్వహించిన పోటీలో ఒక పందెం గెలుచుకున్నాడు.

కింది స్థాయిలో ఎదుగుదల

* 1993: ఫార్ములా మారుతి, ఫార్ములా వాక్స్‌హాల్ జూనియర్ (బ్రిటన్)
* 1994: బ్రిటిష్ ఫార్ములా ఫోర్డ్ శీతాకాలపు సిరీస్ - విజేత
* 1996: ఫార్ములా ఆసియా - విజేత
* 1997: బ్రిటిష్ ఫార్ములా ఓపెల్ - 6వ స్థానం
* 1998: బ్రిటిష్ ఫార్ములా త్రీ - 12వ స్థానం
* 1999: బ్రిటిష్ ఫార్ములా త్రీ - 6వ స్థానం
* 2000: బ్రిటిష్ ఫార్ములా త్రీ - 4వ స్థానం
* 2001: ఫార్ములా నిప్పాన్
* 2003: నిస్సాన్ వరల్డ్ సిరీస్ - 4వ స్థానం

తరువాతి తరం, తెలుగు ప్రాంతాలు

నరేన్ తరువాత ఫార్ములా వన్‌లో పాల్గొన్న రెండవ భారతీయుడు చెన్నైకి చెందిన కరుణ్ చందోక్ (2010). తెలుగు రాష్ట్రాల నుండి ఫార్ములా కార్ల పోటీలలో పేరు తెచ్చుకున్నవారిలో హైదరాబాదుకు చెందిన అనిందిత్ రెడ్డి ఒకడు. 2016లో యూరో జేకే ఛాంపియన్‌షిప్ గెలిచిన ఇతడు, చిత్తూరు జిల్లా అరగొండలో జన్మించిన అపోలో ఆసుపత్రుల వ్యవస్థాపకుడు ప్రతాప్ సి.రెడ్డికి మనుమడు.

2022 నవంబరులో హైదరాబాదులో హుస్సేన్ సాగర్ తీరాన ఇండియన్ రేసింగ్ లీగ్ కార్లు పరుగెత్తాయి. 2023 ఫిబ్రవరి 11న అదే ప్రాంతంలో విద్యుత్ కార్ల ఫార్ములా ఈ పందెం జరిగింది. 2024లో జరగవలసిన ఫార్ములా ఈ పందెం రద్దయింది.

2023లో ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌పై భారత ఫార్ములా ఫోర్ ఛాంపియన్‌షిప్ మొదలైంది. ఇందులో సాధించే పాయింట్లు సూపర్ లైసెన్సుకు లెక్కలోకి వస్తాయి. నరేన్ కాలంలో ఈ నిచ్చెనలో మొదటి గుర్తింపు పొందిన మెట్టు కోసం ఫ్రాన్సుకో, బ్రిటన్‌కో వెళ్ళవలసి వచ్చేది. ఇప్పుడు ఆ మెట్టు చిత్తూరు, తిరుపతి జిల్లాలకు పొరుగునే ఏర్పడింది. అయితే ఆపై మెట్లన్నీ నేటికీ విదేశాలలోనే ఉన్నాయి. వాటిని ఎక్కడానికి కావలసిన ధనం సమకూర్చుకోవడమే భారతీయ క్రీడాకారులకు ప్రధాన అవరోధంగా ఉన్నది.

ఇవి కూడా చూడండి

* కరుణ్ చందోక్
* ఎస్.కరివర్ధన్
* ఫార్ములా వన్
* బుద్ధ్ అంతర్జాతీయ సర్క్యూట్