ఆగ్రయణము నుండి సంక్రాంతి వరకు



కొత్త ధాన్యమును ముందుగా దేవతలకు అర్పించి, ఆ పిమ్మటనే గృహస్థుడు భుజింపవలెనని శ్రౌతసూత్రములు విధించినవి. ఆ ఇష్టికి ఆగ్రయణమని పేరు. వర్షాకాలమున శ్యామాకములతోను, శరత్తున వ్రీహులతోను, వసంతమున యవలతోను పూర్వులు దీనిని ఆచరించిరి. నేడు ఆహితాగ్నులు అరుదైనారు. అయినను ఆ ధర్మము మన సంక్రాంతిలో నిలిచియున్నది. కొత్త బియ్యము పాలలో పొంగించి సూర్యునకు నివేదించుట, హరిదాసు అక్షయపాత్రలో బియ్యము పోయుట, కనుమనాడు పశువులను పూజించుట, కళ్ళములోనే వృత్తిపనివారికి మేర కొలిచి ఇచ్చుట, ఇవన్నియు పంటలో ఇతరులకు గల పాలును చెల్లించుటయే.

ఒకప్పుడు గోల్కొండ కోటకు నీరిచ్చిన దుర్గం చెరువు చెంతనే, మాదాపూరులో, 1998 నవంబరు 22న సైబర్ టవర్స్ ప్రారంభమైనది. నేడు ఆ ప్రాంతమంతయు మేడలే. అచ్చటి మన బిడ్డలకు పొలము లేదు, కళ్ళము లేదు. కొత్త బియ్యము అంగడి సంచిలో వచ్చును. “పంటయే లేని మాకు పంట పండుగ ఏల?” అని కొందరు మమ్ము అడుగుచుందురు.

నాయనలారా! అన్నము తినువాడెల్ల పంటకు ఋణపడినవాడే. తనకొరకే వండుకొనువాడు పాపమునే భుజించునని గీతాచార్యుని హెచ్చరిక. మీ జీతమే మీ పంట. దానిలో తొలి పాలు దైవమునకు, ఆకలిగొన్నవానికి, మీ మేడలు కట్టిన కూలివానికి తీసియుంచుడు. అది లేని పొంగలి తీపి వంటకమే గాని నివేదనము కానేరదు.

శుభమస్తు.